మునిరత్నమ్మ చెప్పించిన నిజం

మొన్న బొమ్మసంద్ర వెళ్ళే బస్సులో వెనక సీటు నుంచి ఒక బొంగురు గొంతు కండక్టరును ఏదో అడిగింది. సగం మాట, సగం గాలిగా వచ్చే గొంతు. మునిరత్నమ్మ కాదని తెలుసు. ఆమె పోయి ఏడాది దాటింది. అయినా తిరిగి చూశాను.

మునిరత్నమ్మది ఆనేకల్. పట్టుచీరలు నేసేది. ఒకప్పుడు పెద్ద జబ్బు చేసి నెలరోజులు వెంటిలేటర్ మీద ఉంది. మెడకు రంధ్రం చేసి గొట్టం వేయడంతో ఆ బొంగురు అలాగే మిగిలిపోయింది. ఐసీయూ నుంచి బతికి బయటపడ్డవాళ్ళకూ, వాళ్ళ ఇంటివాళ్ళకూ ఆమెను చేర్చిన ఆసుపత్రిలోనే నెలకోసారి సమావేశం జరిగేది. డాక్టర్లు రమ్మంటే ఆమె వచ్చి అందరితో మాట్లాడేది.

మా ఆయన న్యుమోనియాతో పద్దెనిమిది రోజులు అక్కడి ఐసీయూలో ఉండి ఇంటికొచ్చిన కొత్తలో నేనొక్కదాన్నే ఆ సమావేశానికి వెళ్ళాను. ఆయన రానన్నాడు. అందరి ముందూ ఆయన బాగానే ఉన్నాడని చెప్పి లేచాను. మునిరత్నమ్మ నా వెంటే వరండాలోకి వచ్చి, ఇంట్లో ఎలా ఉన్నాడని మళ్ళీ అడిగింది. నేను పెట్టిన అన్నం ముట్టడం లేదని, గదిలోకి వెళితే గోడవైపు తిరుగుతున్నాడని చెప్పేశాను. ఎవరికీ చెప్పని సంగతి కూడా చెప్పాను. మత్తులో ఆయన గొట్టం పీకేసుకోబోతుంటే చేతులు మంచానికి కట్టాలన్నారు డాక్టర్లు. సరేనని సంతకం పెట్టింది నేనే. తనను ఎవరో లారీలో వేసి, చేతులు కట్టి తీసుకెళ్ళారని, పక్కన నేనూ ఉన్నానని ఇంటికొచ్చాక ఆయన అంటే, అదంతా పీడకలని కొట్టిపారేశాను.

"లారీ కలేలేమ్మా. చేతులు కట్టింది నిజం గదా. అదీ కలేనంటే ఆయప్ప ఇంక దేన్ని నమ్మల్ల?" అంది మునిరత్నమ్మ.

మరుసటి వారం రెండు బస్సులు మారి కుందలహళ్ళిలోని మా ఇంటికి వచ్చింది. ఆయన ఎదురుగా కూర్చుని తన కథే చెప్పింది. ఐసీయూలో మత్తులో ఉన్నప్పుడు నర్సులు తనను రంగు తొట్టిలో ముంచుతున్నారనుకుందట. ఆ తర్వాత నెలల తరబడి రంగులద్దే చోటికి పోలేకపోయిందట. ఆయన తలెత్తి, మీకూ అలాగే అనిపించిందా అని అడిగాడు. అప్పుడు మునిరత్నమ్మ నా వైపు చూసింది. సంతకం సంగతి చెప్పాను.

"కట్టేటప్పుడు నువ్వెక్కడున్నావు?" అన్నాడు ఆయన.

"అక్కడే. మీ కాళ్ళు పట్టుకుని నిలబడ్డాను."

ఆయన లేచి బాల్కనీలోకి వెళ్ళిపోయాడు. నేను ఏడుస్తుంటే ఆమె ఓదార్చలేదు. వంటింట్లోకి వెళ్ళి, గిన్నె వెతుక్కుని, ముగ్గురికీ టీ పెట్టింది. "కోపపడనీ. దేనికి కోపమో ఇప్పుడు తెలిసుండాది గదా" అంది.

మూడు రోజులు ఆయన నాతో మాట్లాడలేదు. నాలుగోరోజు వచ్చి కంచం ముందు కూర్చుని, చారు ఉందా అని అడిగాడు. మరుసటి నెల సమావేశానికి ఇద్దరం కలిసి వెళ్ళాం. మునిరత్నమ్మ నర్సులను అడిగి, ఆయన పడుకున్న మంచం దగ్గరికి తీసుకెళ్ళింది. కిటికీ కింద రోడ్డు. ఆగకుండా లారీల చప్పుడు. ఆయన మంచం కమ్మీ పట్టుకుని చాలాసేపు విన్నాడు.

పోయిన నెల ఆయనకు పిత్తాశయంలో రాళ్ళకు ఆపరేషన్ అయింది. లోపలికి తీసుకెళ్ళే ముందు నన్ను దగ్గరికి పిలిచి, "అవసరమైతే కట్టనివ్వు. లేచాక మాత్రం నువ్వే చెప్పు" అన్నాడు. చెప్తానన్నాను. ఆ మాట అనడానికి నాకు భయం వేయలేదు. ఆ ధైర్యం మునిరత్నమ్మ ఇచ్చింది.