తెగినకాడ ఆగిన మనిషి

మా చిన్నాయన పోయాడని ఢిల్లీ నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను మగ్గం గుంటలో నీళ్లు తోడుతున్నాను. మాఘమాసంలో వాన, చూడండి! కాళ్లు పెట్టుకుని నేసే ఆ గుంట అంచునే, తడి మట్టిలో కూలబడ్డాను. ఈ వాన సంగతి ముందుగా చెప్పుకోవాల్సిన మనిషే ఇక లేడు.

మీకు ఆయన టీవీలో కోటు వేసుకుని, దేశం పేరున్న పలక వెనుక కూర్చున్న దౌత్యవేత్త. భూమి వేడెక్కుతోందని దేశాలన్నీ కూడి బేరాలాడే సభల్లో మన తరఫున మాట్లాడేవాడు. నాకు మాత్రం మా బాపు తమ్ముడు. కొత్తకోటలో ఈ మగ్గం మీదే పని నేర్చాడు. పెళ్లి లేదు, పిల్లలు లేరు. ఏ దేశం నుంచి ఫోన్ చేసినా ముందు అడిగేది ఒక్కటే: "గుంట పొడిగున్నదా బిడ్డా?"

ఊరికొస్తే కోటు విప్పి, తెగిన పోగులు అతుకుతూ కూర్చునేవాడు.

"గా సభలల్ల ఏం జేస్తవ్ చిన్నాయనా?"

"గిదే. ఒక్క మాటకాడ తెగుతది. అతికేదాక ఎవ్వరం లేవం."

"అతికినంక?"

"ఇంకోకాడ తెగుతది," అని నవ్వేవాడు. అక్కడ ఎవరితో కూర్చుని తింటావని అడిగితే మాత్రం నవ్వేవాడు కాదు. "గదిల కిటికీ ఉంటది గదా," అనేవాడు.

పోయినేడు దసరా ముందు వానకు గుంట నిండి, మగ్గం మీది పట్టుచీర పాడైంది. అప్పుడే ఆయన వచ్చాడు. నాకు ఒళ్లు మండింది. "ఇన్నేండ్ల సంది దేశాలు తిరిగినవ్. గీ గుంటల నీళ్లన్న ఆపినవా? నీ మాటలు ఎవలకు గావాలె?" అనేశాను. ఆయన ప్యాంటు మడిచి, గుంటలో దిగి, నాతోపాటు నీళ్లు తోడాడు.

వెళ్లేటప్పుడు ఇద్దామని ఒక ఎర్ర తువ్వాల నేశాను. కోపం ఇంకా చేతుల్లోనే ఉంది. అంచు దగ్గర నిలువు పోగు తెగితే అతకకుండా అట్లాగే నేసుకుంటూ పోయాను; అక్కడి నుంచి కొసదాకా పోగంత సందు పడింది. మా నేత ఇళ్లలో అంతకన్నా పెద్ద తప్పు లేదు. తువ్వాల అందుకోగానే ఆయన వేలు ఆ సందు మీదే ఆగింది.

"తెగినకాడ ఆగాలె బిడ్డా," అన్నాడు. మడిచి సంచిలో పెట్టుకున్నాడు.

తప్పయింది చిన్నాయనా అని నోటిదాకా వచ్చింది. ఫోన్‌లో చెబుదాంలే అనుకున్నాను. ఆయన ఫోన్ చేసిన ప్రతిసారీ గుంట పొడిగానే ఉందని చెప్పాను తప్ప, ఆ ఒక్క మాట చెప్పలేదు. ఎంత మొండిదాన్నో!

నిన్న ఆయన పెట్టె వచ్చింది. కోట్ల మీద ఆ తువ్వాల ఉంది, వాడి వాడి మెత్తబడింది. సందు కోసం తడిమాను, తగల్లేదు. వాకిట్లో వెలుతురుకు పట్టి చూస్తే కనబడింది. తెగిన చోటు నుంచి కొసదాకా, ఎరుపులో ఒక్క తెల్ల పోగు, సూదితో ఎక్కించింది. హోటల్ గదుల్లో గుండీలు కుట్టుకోమని పెడతారే, ఆ దారం. మధ్యమధ్యలో ముడులున్నాయి, మా నేతగాళ్ల ముడులే. ముడి దాటినప్పుడల్లా తెలుపు కొంచెం మారింది. ఒక్క గదిలో దొరికే దారం దానికి చాలదు.