ఖిదిర్‌పూర్ పేజీ

కలకత్తా సాల్ట్ లేక్ సెక్టర్ ఫైవ్‌లో నేను పనిచేసిన ఆఫీసు యజమాని నోట రోజూ వినబడే మాట ఒకటుండేది: "రాయడానికి ఖర్చేముంది?" తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

ఆఫీసంటే పెద్దదేమీ కాదు. అద్దాల భవనంలో వెనకవైపు ఒక గది, పక్కపక్కన ఇరుకుగా కంప్యూటర్లు. ఎవరైనా వ్యాపారస్తుడు వెబ్‌సైటు పెట్టుకుంటే అందులోకి ఇంగ్లీషు మాటలు రాసివ్వడం మా పని. చదివే మనిషికి హాయిగా ఉండాలి, సెర్చ్ ఇంజనుకీ నచ్చాలి. జనం ఏ మాటలు కొట్టి వెతుకుతారో ఆ మాటలు పేజీలో ఉండాలి, కానీ ఇరికించినట్టు ఉండకూడదు. కూరలో ఉప్పెంత ఉండాలో అంతే. మా యజమానికి ఉప్పు దగ్గర చెయ్యి ఆగదు. "కలకత్తాలో అద్దె మంచాలు కావాలా? కలకత్తాలో అద్దె మంచాలకు కలకత్తాలోనే ఉత్తమ అద్దె మంచాలు మావి" అని రాసి, కాలుమీద కాలు వేసుకుని కూర్చునేవాడు. అది పైకి చదివి చూడండి అని నేను దెబ్బలాడేదాన్ని. చదివేది మనిషి కదా, మనిషితో ఎవరైనా అలా మాట్లాడతారా? నవ్వేసి వెళ్ళిపోయేవాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అన్న మాట నిజం.

ఒకసారి మాకొక కొత్త వ్యాపారి తగిలాడు. ఇంట్లో ఉన్న రోగులకి ఆక్సిజన్ సిలిండర్లు, మడత మంచాలు, చూసుకునే ఆయాలు పంపే వ్యాపారం. మా యజమాని నా బల్లమీద నగరంలోని పేటల పేర్లన్నీ పడేసి, ఒక్కో పేటకీ ఒక్కో పేజీ రాయమన్నాడు. వెతికేవాడు ఉత్త ఆక్సిజన్ అని ఊరుకోడట, వెనకాల తన పేట పేరు కూడా కొడతాడట. అందుకని ఒకటే పేజీ రాసి, పేట పేరు మార్చుకుంటూ పోవడమే. ఆ పేర్లలో ఖిదిర్‌పూర్ ఉంది, దాని పక్కనున్న మెటియాబ్రుజ్ ఉంది.

నాకు అక్కడే అనుమానం వచ్చింది. మాది ఖిదిర్‌పూర్. నాన్న మన తెలుగువైపు నుంచి వలసొచ్చి, కార్పొరేషన్‌లో వీధులూడ్చి రిటైరయ్యాడు. ఆ దుమ్మంతా ఊపిరితిత్తుల్లోకి చేరి ఆ ఏడాదే ఇంట్లో సిలిండరు పెట్టుకోవలసి వచ్చింది. క్వార్టర్లు ఖాళీ చేయించకుండా యూనియన్ వాళ్ళు అడ్డుపడబట్టి అక్కడే ఉన్నాం. ఖిదిర్‌పూర్ అనగానే ఊరి నడిబొడ్డున ధర్మతల్లాలో టాక్సీవాడు తల అడ్డంగా ఊపి అద్దం ఎత్తేసుకుంటాడు. చిన్నప్పటినుంచీ చూస్తున్న తల ఊపుడే అది. కాబట్టి ఆ వ్యాపారి ఆఫీసుకి వచ్చినప్పుడు సూటిగా అడిగాను, మీ బండి మా వైపు వస్తుందా అని.

"సొబ్ జాయ్‌గాయ్ జాయ్, దీదీ," అన్నాడు, అన్ని చోట్లకీ వెళ్తాం అని. గుండెమీద చెయ్యి కూడా వేసుకున్నాడు. జేబులోంచి కార్డు తీసి, వెనకవైపు తన సొంత మొబైల్ నంబరు రాసిచ్చాడు, ఏ సందేహం ఉన్నా అడగమని.

నమ్మాను. నమ్మాను గనక ఖిదిర్‌పూర్ పేజీని పేరు మార్చి సరిపెట్టలేదు. మా వాళ్ళు ఏమడుగుతారో నాకు తెలుసు. బండి దూరని గల్లీ అయితే ఎలా? మూడో అంతస్తుకి ఎవరు మోస్తారు? బంద్ రోజున వస్తారా? సిలిండరుకి మీటరు బిగించడం మాకు రాదే? ఒక్కొక్కటీ ఆయన్నే ఫోన్లో అడిగి, ఆయన ఔనన్న ప్రతిదానికీ ఒక్కో చిన్న వాక్యం రాశాను. "గల్లీ మొదట్లో బండి ఆగితే మా మనిషి సిలిండరు మోసుకొచ్చి, బిగించి, ఎలా తిప్పాలో చూపించి వెళ్తాడు." ఇలాంటివే అన్నీ. కొన్నాళ్ళకే సెర్చ్‌లో అన్నిటికన్నా పైన ఆ పేజీ వచ్చింది. మా యజమాని అందరికీ సందేశ్ మిఠాయి తెప్పించి పెట్టాడు. నేనూ తిన్నాను. నా రాతకి అంత గౌరవం దక్కడం అదే మొదలు మరి.

తర్వాత ఒక ఆదివారం పొద్దున్న నాన్న సిలిండరు ముల్లు ఎర్రగీత దగ్గరికి దిగిపోయింది. మామూలుగా తెచ్చిచ్చే దుకాణంవాడు ఊరెళ్ళాడు, తలుపుకి తాళం. నాన్న మంచం మీద మోచేతులు మోకాళ్ళకి ఆనించి కూర్చుని, ఒక్కో ఊపిరీ భుజాలతో లాగుతున్నాడు.

"ఏటే అలాగ నిలబడిపోనావు? నువ్వు రాసినావు కదా, ఆ కంపినీ ఆళ్ళకి ఫోన్ సెయ్యి," అంది అమ్మ.

చేశాను. ఆ నంబరు నేను టైపు చేసిందే, చూడకుండా చెప్పగలను. ఎవరో కుర్రగొంతు పలికింది. చిరునామా చెప్పాను.

"ఓదికే గాడి జాయ్ నా, దీదీ," అన్నాడు. ఆ వైపు బండి వెళ్ళదట.

"మీ వెబ్‌సైటులో వస్తామని ఉంది కదా!"

"అది ఇంటర్నెట్‌లో రాసింది, దీదీ," అన్నాడు. ఎగతాళిగా అన్నా బాగుండేది. వర్షం పడుతోంది అని చెప్పినట్టు, మామూలుగా చెప్పి పెట్టేశాడు. ఆ వ్యాపారి సొంత మొబైల్‌కి చేస్తే స్విచ్చాఫ్.

"ఏటన్నారు?" అంది అమ్మ.

"రారంటమ్మా."

"మాటలు కోటలు దాటతాయి, కాలు గడప దాటదు," అంది అమ్మ. ఆవిడ అన్నది వాళ్ళని. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. గుమ్మందాకా వస్తామని అంత చక్కగా, అంత నమ్మేలా రాయించుకున్నది ఇందుకా? ఆ పేజీ ఘోరంగా ఉండి ఉంటే ఎవడూ నమ్మేవాడు కాదు. నా వాక్యాలు బాగుండబట్టే కదా ఎందరో ఫోన్ పట్టుకుని ఈ మాట వింటున్నారు!

ఆ రోజు మమ్మల్ని కాచింది కింది వాటా మావ. నాన్నతో కలిసి చీపురు పట్టినవాడు, రిటైరయ్యాక సైకిలు వ్యాను తొక్కుతున్నాడు. నేను కిందికి పరిగెత్తుకెళ్ళి చెప్పేసరికి టీ గ్లాసు కింద పెట్టేశాడు. "నువ్ ఏడవకు గుంటా. వంతెన అవతల ఆక్సిజనమ్మే మార్వాడీ ఉన్నాడు, ఆడు నా మాట ఇంటాడు," అని ఖాళీ సిలిండరు వేసుకుని వెళ్ళాడు. అతను నిండుది తెచ్చి మూడో అంతస్తుకి ఎక్కించేసరికి నాన్న పెదాలు నీలం తిరిగాయి. గొట్టం పెట్టాక కాసేపటికి కళ్ళు తెరిచి నా వైపు చూసి చెయ్యి ఊపాడు, ఫరవాలేదు అన్నట్టు. నాకు ఫరవాలేదు అనిపించలేదు. ఇప్పటికీ అనిపించదు.

సోమవారం ఆఫీసులో అడుగుపెడుతూనే యజమాని మీద విరుచుకుపడ్డాను. ఖిదిర్‌పూర్ రానివాళ్ళ తరఫున వస్తామని నా చేత ఎలా రాయిస్తారన్నాను. నాన్న సంగతి చెప్పాను. కుర్చీ చూపించి కూర్చోమన్నాడు, చాయ్ తెప్పించాడు, అయ్యో పాపం అన్నాడు. తర్వాత, "ఆ పేజీ పైన ఉంది కదా, దాన్ని ముట్టుకోకు. వెళ్ళడం వెళ్ళకపోవడం వాళ్ళ గొడవ. మనం రాస్తాం, అంతే," అన్నాడు. ఆ చాయ్ ఆయన మొహాన కొట్టాలనిపించింది. ఉద్యోగం నీ నెత్తినే పెట్టుకో అని వచ్చేయాలనిపించింది. కానీ నాన్న సిలిండరు నిండేది ఆ జీతంతోనే. నోరు మూసుకుని నా బల్ల దగ్గరికి వెళ్ళాను.

మూసుకున్నది నోరే. పేజీలు మార్చే పాస్‌వర్డు నా దగ్గరే ఉంది. ఖిదిర్‌పూర్ పేజీలోనూ మెటియాబ్రుజ్ పేజీలోనూ ఒక్క అక్షరం కదపలేదు. ఫోన్ ఎత్తే కుర్రాడి నంబరు తీసేసి, కార్డు వెనక ఆ పెద్దమనిషి స్వయంగా రాసిచ్చిన నంబరు పెట్టాను. పైన, పెద్ద అంకెల్లో. బండి రాదన్న మాట జీతానికున్న కుర్రాడి చేత చెప్పించడం సుఖమే. తన నోటితో తను చెప్పి చూడనీ అనుకున్నాను.

వారం తిరక్కుండా ఆ వ్యాపారి నాకు ఫోన్ చేశాడు. అరుపు కాదు, ఏడుపులాంటిది ఆ గొంతు. "దీదీ, అన్నం ముందు కూర్చుంటే ఫోన్. పూజలో ఉంటే ఫోన్. ఒకావిడ ఏడుస్తుంది, ఒకాయన దగ్గుతూనే ఉంటాడు, పెట్టేయడానికి చెయ్యి రావట్లేదు. నా నంబరు తీసెయ్."

"బండి పంపించండి. లేకపోతే ఆ పేటలు తీసేయమని మా యజమానికి చెప్పండి," అన్నాను.

"బండి పంపితే గిట్టుబాటు కాదు," అన్నాడు. పేటలే తీయించాడు. బండి పంపడం కన్నా రెండు పేటల్ని చెరిపేయడం వాళ్ళకి తేలిక. మా యజమాని నన్ను పిలిచి నానా మాటలూ అన్నాడు, అయినా ఉద్యోగంలోంచి తీసేయలేదు. మళ్ళీ పైకి వచ్చే పేజీ రాయడానికి ఎవరో ఒకరు కావాలి కదా. అబద్ధమైతే పోయింది, అంతవరకూ నయం అనుకున్నాను. కోపం మాత్రం పోలేదు.

శనివారం సెలవు. పొద్దున్నే అమ్మ చేపలు కడుగుతోంది, నాన్న మంచం మీదే కూర్చుని ఉన్నాడు. తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఎవరో ఆడమనిషి, హిందీలో మాట్లాడుతోంది. వెనక కుట్టుమిషన్ల చప్పుడు. మెటియాబ్రుజ్ నుంచట. ఆక్సిజన్ పేజీ చూసి ముందెప్పుడో రాసిపెట్టుకున్న నంబరుకి చేస్తే ఒకాయన ఈ నంబరిచ్చాడట.

"వస్తామని రాసింది మీరేనటగా. మా మామగారికి ఊపిరి అందట్లేదు," అంది.

నా పళ్ళు పటపటలాడాయి. నా నంబరిచ్చి చేతులు దులుపుకున్నాడన్నమాట, ఎంత తెలివి! నేను రాసేదాన్ని మాత్రమేనమ్మా, మా దగ్గర బండీ లేదు, సిలిండరూ లేదు, ఆ వైపు మేము రాము. ఆ మాటలన్నీ నాలుక చివరికి వచ్చి ఉన్నాయి. సరిగ్గా ఆ కుర్రాడి గొంతులోనే వచ్చి ఉన్నాయి. మిషన్ల చప్పుడు ఆగిపోయింది. అవతల ఎవరో ముసలాయన ఊపిరి లాగుతున్నది వినబడింది, ఆ లాగుడు నాకు బాగా తెలుసు.

"చిరునామా చెప్పండి," అన్నాను. "వస్తాం."

"ఎవులే?" అని అడిగింది అమ్మ. ఆ వ్యాపారినీ, మా యజమానినీ, వాళ్ళ ఏడు తరాలనీ తిట్టుకుంటూనే చెప్పులు వేసుకుని, మావని లేపడానికి మెట్లు దిగాను.