టర్బో కారు, మామూలు పెట్రోలు, తప్పిపోయిన జ్ఞానస్నానం

ఈ రోజు పినపాకలో మా చెల్లెలి బిడ్డకు జ్ఞానస్నానం. జ్ఞానతండ్రిగా బిడ్డను ఎత్తుకోవలసినవాడు మా అన్న. సత్తుపల్లి నుంచి అతని టర్బో కారులో బయలుదేరాం. దానికి ఎక్కువ ఆక్టేన్ ఉన్న పెట్రోలే పోయాలట. మామూలుది పోస్తే ఊపు తగ్గుతుంది, మైలేజీ పడిపోతుంది. దారిలో ఏ బంకులోనూ అది దొరకలేదు. ఇంజిన్ పాడవుతుందని భయపడుతూనే అన్న మామూలు పెట్రోలు కొంచెం పోయించాడు.

అడవిలోకి వచ్చేసరికి మీటరులో మైలేజీ అంకె దిగిపోతోంది. ఎక్కడ ఆగిపోతామోనని అన్న కారును మెల్లగా నడిపాడు. బొగ్గు లారీలు కూడా మమ్మల్ని దాటిపోయాయి.

“అన్నా, జర జల్దీ పోనియ్యరాదా! ఫాదర్ మనకోసం ఆగుతడా?” అన్నాను.

“నన్నేం చేయమంటవే? తొక్కితే పెట్రోలు నీళ్ళలెక్క తాగుతాంది!”

మేం చేరేసరికి అంతా అయిపోయింది. అన్న స్థానంలో పక్కింటాయన బిడ్డను ఎత్తుకున్నాడట. చెల్లెలు మాకు అన్నం వడ్డించింది. అన్న అన్నం కలుపుతూనే కూర్చున్నాడు. అతన్ని తిట్టాలో ఓదార్చాలో తెలియక నేను పప్పు మారు వడ్డించుకున్నాను.

మీ ఇంట్లోనూ ఇలాంటి కారు, ఇలాంటి అన్న ఉంటే, ఎలా వేగుతున్నారో కాస్త చెప్పండి.