నెయి తెరాకా ఫోటోకు వీసా అక్కర్లేదు

నెయి తెరాకాను, అంటే మీ మాటలో తెరాకా అమ్మగారిని, నాలుగుసార్లు నీళ్లలో నిలబెట్టారు. మొదటిసారి మబ్బు అడ్డొచ్చింది. రెండోసారి ఆమె నవ్వింది. మూడోసారి వెనకాల పిల్లలు కేకలు వేస్తూ పోటు నీళ్లలోకి దూకారు. నాలుగోసారికి నీళ్లు నడుము దాకా వచ్చాయి. అప్పటికి గాని ఫోటోలు తీయడానికొచ్చిన పరదేశపు పెద్దమనిషికి తృప్తి కలగలేదు.

"కాస్త ఏడవగలదేమో అడగండి," అన్నాడు నాతో.

పంతొమ్మిదేళ్లుగా ఈ దీవి బడిలో లెక్కలు చెబుతున్నాను కాబట్టి పరదేశీయులు ఎవరొచ్చినా మాటలు చేరవేసే పని నాకే పడుతుంది. ఆ ప్రశ్న మాత్రం నేను చేరవేయలేదు. "కదలకుండా దూరంగా చూడమంటున్నాడు పెద్దమ్మా," అన్నాను.

ఆమె దూరంగా చూసింది. ఆ చూపు తర్వాత ఆరు దేశాల్లో గోడలెక్కింది.

వాళ్ల పడవ వెళ్లిపోయాక, తడి లుంగీ పిండుకుంటూ చెప్పింది. "ఆయన నన్ను నిలబెట్టింది మా ఆయన సమాధి మీద, టీచరమ్మా. కాలి కింద రాళ్లు తెలుస్తూనే ఉన్నాయి."

ఇక్కడ సమాధులు ఇంటి ముంగిట్లోనే ఉంటాయి, ఇప్పుడు పోటొస్తే అవీ మునుగుతాయి. పసిపిల్లలు కూడా వాటిని తొక్కరు, చుట్టూ తిరిగి వెళతారు.

"చెప్పలేకపోయావా? రెండడుగులు పక్కకి జరిగేదానివిగా!"

"వెలుగు అక్కడే బాగుందన్నాడుగా. అడిగాడు. కాదంటే ఎలా?"

పసిఫిక్ సముద్రం మధ్యలో ఉన్న మా కిరిబాటి దీవుల్లో దీన్నే బుబుటి అంటారు. ఎదుటి మనిషి నోరు తెరిచి అడిగితే ఇవ్వాలి. సైకిలు అడిగితే సైకిలు, పెంచుకోవడానికి బిడ్డను అడిగితే బిడ్డ. కాదన్నవాడికి తలవంపులు. మరీ పెద్దది అడిగితే ఆ సిగ్గు అడిగినవాడిది. మాలో మాకు ఈ తూకం తెలుసు. ఆ ఫోటో ఆయనకు తెలియదు, మోయలేనంత అడిగేసి థాంక్యూ చెప్పి వెళ్లిపోయాడు.

మా నాయకుల్ని నేను తక్కువ చెయ్యను. కొబ్బరిచెట్టులో సగం ఎత్తు కూడా లేని నేల నుంచి ప్రపంచ సభలకు వెళ్లి, పొగ వదిలే పెద్ద దేశాల మొహం మీదే "మీరు కాల్చిన బొగ్గుకు మా ఇళ్లు మునుగుతున్నాయి, బాకీ కట్టండి" అని అనగలిగినవాళ్లు. వాళ్ల వెనక గోడమీద తెరాకా ఫోటో ఉండేది. ఒక పెద్ద దేశపు మంత్రి ఆ ఫోటో ముందు నిలబడి, ఇలాంటి తల్లుల కోసమైనా సముద్రపు గోడకు నిధులిస్తామని మాటిచ్చాడు. నిధుల్లో మా ఊరిదాకా వచ్చింది కొలతలు తీసేవాళ్లే. మూడుసార్లు వచ్చారు. గోడ ఇంకా కాగితం మీదే ఉంది.

ప్రభుత్వం తరఫున ఆమెకొక ప్రశంసాపత్రం కూడా వచ్చింది. అందులో ఆ ఫోటో అచ్చువేసి, 'మన దేశం గోడు ప్రపంచానికి చూపిన తల్లి' అని రాశారు. ఆ వారం మొగలాకు చాపలు అల్లుకునే ఆడవాళ్లకు వేరే మాట లేదు.

"మన తెరాకా ఆరు దేశాలు చూసిందమ్మా!"

"చూసింది, చూసింది. లంకల మధ్య పడవెక్కితే వాంతులు, ఆరు దేశాలట!"

"ఫోటోకి వాంతులు రావులే," అంది తెరాకా, అల్లిక మీంచి తల ఎత్తకుండా. అందరికన్నా గట్టిగా నవ్వింది కూడా ఆమే.

ఆమె చేతుల గురించి చెప్పాలి. నెలలు నిండిన ఆడవాళ్ల కడుపు కొబ్బరినూనెతో నిమిరి, అడ్డం తిరిగిన బిడ్డను సరిచేసే చేతులవి. మా ఊళ్లో సగంమంది ఆ చేతుల మీదుగా వచ్చినవాళ్లే. కూతురు అకెనెతి నాలుగేళ్ల క్రితం వలస లాటరీలో పేరు తగిలి ఆ మంత్రిగారి దేశానికే వెళ్లింది. ముసలివాళ్ల ఆశ్రమంలో పని. నిరుడు మొదటి కడుపు ఏడో నెలలో పోయింది. ఇప్పుడు మళ్లీ నిలిచింది.

"అమ్మా, ఈసారి నువ్వు రా. నీ చెయ్యి పడితే చాలు," అని ఫోన్లో అడిగింది.

కూతురు అడిగింది. తెరాకా వస్తానంది. మూడు నెలలు ఉండి తిరిగొచ్చే వీసాకు ఫారం నేనే నింపాను. అల్లిన చాపలు, ఎండబెట్టిన మొగలిపండు ముద్ద అప్పుడే మూట కట్టేసింది. "ఇది కూడా పెట్టు, గౌరవంగా ఉంటుంది," అని ప్రశంసాపత్రం నా చేతిలో పెట్టింది. నేనూ పెట్టాను. నా బుద్ధి ఏ గడ్డి మేసిందో!

రాజధానిలో ఒక చిన్న గది. తెరమీద వీసా అధికారిణి, మర్యాదగానే మాట్లాడింది. నేను పక్కన కూర్చున్నాను.

"మీకు సొంత భూమి ఉందా?"

"నాకెక్కడిదండీ? ఏదో నలుగురితోపాటు నాలుగు కొబ్బరిచెట్లు."

నిజానికి మా ఊళ్లో వాళ్లకున్నంత నేల ఉన్న కుటుంబాలు మూడో నాలుగో. వాళ్ల తాతలు తవ్విన బబాయి గుంటల్లో మనిషెత్తు చేమ పెరిగేది. ఇప్పుడు రెండింట్లో ఉప్పు చేరింది, ఒకటి మిగిలింది. కానీ ఇక్కడ ఏ ఇంటిదీ 'నా భూమి' అనదు. తోబుట్టువులందరిదీ ఒకే నేల. నాదని డప్పు కొట్టుకునేవాణ్ణి మనేబాలో, అంటే ఊరి సభాశాలలో, ఎగాదిగా చూస్తారు. ఆమె మర్యాదగల ఇంటి మనిషి మాట్లాడాల్సినట్టే మాట్లాడింది. నేను ఉన్నదున్నట్టు చెప్పాను. "ఆమె వినయంకొద్దీ అలా అంటోంది" అన్న ఒక్క ముక్క చేర్చలేదు. అనువాదంలో సొంత మాట కలపకూడదని పట్టుదల నాకు!

జవాబు పదహారు రోజుల్లో వచ్చింది. దరఖాస్తుదారుకు సొంత భూమి లేదు. ఆమె ఇల్లు తరచు ముంపుకు గురవుతున్నట్టు ఆమె జతచేసిన ఫోటోలోనే కనిపిస్తోంది. గడువు తీరాక తిరిగివెళ్తారన్న నమ్మకం కలగలేదు. వీసా నిరాకరించడమైనది.

నేను చదువుతుంటే ఆమె రెండుసార్లు ఆపింది.

"ఆ ఫోటో చూసే కదా వాళ్ల మంత్రి జాలిపడ్డాడు?"

"అవును పెద్దమ్మా."

"అదే ఫోటో చూసి రావద్దంటున్నారా?"

"అవును."

"మరి నన్ను మళ్లీ ఎక్కడ నిలబడమంటారు?"

కాగితం చివర ఉన్నది కూడా చదివాను. ఒక దారి మాత్రం మిగిలింది. నెల లోపల, భూమి ఆమె ఒక్కదానిదేనని తోబుట్టువులు సంతకాలు పెట్టి పంపితే మళ్లీ చూస్తారు.

నాలుగో రోజు పొద్దున ఆమె మనేబాలో తన కుటుంబం కూర్చునే చోట కూర్చుని, తోబుట్టువుల్లో మిగిలిన ఒక్క అన్న బ్వౌరోని అడిగింది. తలెత్తలేదు.

"అన్నా, నిన్నొకటి అడుగుతున్నా. నేల నాదని రాసివ్వు."

"నీది కాదని ఎవరన్నారే?" అన్నాడాయన. "నీదని రాయడం కాదు. నాది కాదని రాయాలి. అంతేగా?"

"అంతే."

అంత పెద్దది అడగడం మా ఊళ్లో ఎవరూ చూడలేదు. బ్వౌరో కాదనలేడు, అడిగింది చెల్లెలు. సంతకం పెట్టాడు, కలం కిందపెట్టాడు, లేచి వెళ్లిపోయాడు.

మర్నాడు తెల్లవారుతూనే ఆయన రోజూలాగే కల్లు గీయడానికి వచ్చాడు. నలభై ఏళ్లుగా ఎక్కుతున్న చెట్లు. ఈసారి సరిహద్దు రాయి దగ్గరే ఆగిపోయాడు.

"చెట్టెక్కొచ్చా యజమానిగారూ?" అని కేక వేశాడు.

తెరాకా గుమ్మంలోకి వచ్చింది. "అన్నా, అలా అనకు."

"ఏం, తప్పా? కాగితం ఉందిగా. అడక్కుండా ఎక్కితే దొంగతనం అవదూ?"

ఆమె అక్కడే, గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది. భర్త పోయినప్పుడు తప్ప ఆమె ఏడవగా నేను చూడలేదు. ఆయన రోజూ అలాగే అడుగుతున్నాడు, రోజూ ఆమె "ఎక్కు" అని చెప్పాల్సి వస్తోంది.

కాగితాలు పంపి ఇరవై రెండు రోజులైంది. పరిశీలనలో ఉంది అంటున్నారు. అకెనెతికి ఇంకా ఐదు వారాలు. బిడ్డ అడ్డంగా ఉందని అక్కడి నర్సు చెప్పిందట. తెరాకా ఫోన్ పట్టుకుని చెబుతూ ఉంటుంది: ఎడమవైపు పడుకో, అరచేయి వెచ్చబెట్టుకో, కిందనుంచి పైకి నిమురు. ఖాళీగా ఉన్న రెండో చెయ్యి గాలిలో ఆ కడుపును నిమురుతూ ఉంటుంది.

మొన్న అకెనెతి ఒక మాట చెప్పింది. "అమ్మా, వచ్చే నెల ఇక్కడ వాతావరణ సభ పెడుతున్నారు. ఊరంతా నీ ఫోటోలే. మా బస్‌స్టాప్‌లో కూడా పెట్టారు. రోజూ నీ పక్కనే కూర్చుంటున్నా."

"కాళ్లూ, కింది రాళ్లూ కనిపిస్తున్నాయా?" అని అడిగింది తెరాకా.

"లేదమ్మా, నీళ్లలో ఉన్నాయిగా."

"మంచిదే," అంది.

ఇది చదువుతున్న మిమ్మల్ని ఇప్పుడు నేను అడుగుతున్నాను. ఆ సభకు మీ దేశం నుంచీ మనుషులు వెళతారు. మీ ఎంపీకి ఒక ఉత్తరం రాయండి. మునుగుతున్న ఇంటిని నిధుల సభలో జాలికి సాక్ష్యంగానూ, వీసా గదిలో నేరానికి సాక్ష్యంగానూ వాడుకోవద్దని, ఉమ్మడి నేలను కూడా నేలగానే లెక్కపెట్టాలని మీ ప్రతినిధులు అక్కడ లేచి నిలబడి అనాలని రాయండి. తెరాకా పేరు రాయండి. అకెనెతికి ఐదు వారాలే ఉన్నాయని రాయండి. జాలిపడి ఊరుకోవద్దు, ఆమెకు జాలి ఇప్పటికే చాలా వచ్చింది.

మా దీవుల పద్ధతిలోనే అడుగుతున్నాను. పెద్దదే అడుగుతున్నానేమో, ఆ సిగ్గు నాది. కాదనకండి.