ఎర్ర దారం రెండు చుట్లు

ఊర్లో పుట్టిన ఈ మాట నా దాకా తెచ్చింది చంద్రమ్మ. మా పత్తి చేనుకు కూలీలను వెంటబెట్టుకొని వచ్చే మనిషి. రోజూ స్వామి ముందు దీపం ముట్టించే చేత్తోనే ఇది రాస్తున్నాను... ఇందులో నేను అల్లింది ఒక్క ముక్క లేదు. పేర్లు మాత్రం మార్చాను. ఎందుకు మార్చానో చదువుతుంటే మీకే తెలుస్తుంది.

నేను బడికి పోలేదు. మా నాయన ఇంట్లోనే గచ్చు మీద బొగ్గుతో అక్షరాలు దిద్దించాడు. ఆయన పుణ్యమా అని ఈమాత్రం రాయగలుగుతున్నాను. తప్పులుంటే సర్దుకొని చదవండి.

మాది గద్వాల జిల్లాలో గట్టు వైపు. ఊరికి దూరంగా, చేను అంచునే రేకుల ఇల్లు. విత్తన పత్తి వేస్తాం. ఆ పని తెలియని వాళ్ళకు కొంచెం చెప్పాలి, లేకపోతే ఆ రాత్రి శబ్దం మీకు వినిపించదు.

రేపు విచ్చుకోబోయే మొగ్గను ఈ సాయంత్రమే పట్టుకోవాలి. బొటనవేలి గోరు దింపి, పూరేకలనూ లోపలి పుప్పొడినీ ఒక్క తిప్పుతో ఒలిచేయాలి. మధ్యలో సన్నటి పుల్లలాంటిది మాత్రం నిలవాలి. దానికి గుర్తుగా ఎర్ర దారం చుడతారు. తెల్లారి మగ మొక్కల పూలు తెచ్చి దానికి రుద్దుతారు. సాయంత్రం తీయకుండా వదిలేసిన మొగ్గ విత్తనానికి పనికిరాదు. అందుకే ఆ కాలంలో మా వైపు ఎవరింట్లో ఏం జరిగినా మాపటి పూట మొగ్గ తీయడం మాత్రం ఆగదు.

గోరు దిగినప్పుడు చిన్న శబ్దం వస్తుంది. టిక్... అంతే. ఒక్కరు తీస్తే పక్కనున్న వాళ్ళకే వినబడుతుంది. చేను నిండా మనుషులుంటే సన్నటి వాన మొదలైనట్టు ఉంటుంది.

మా చేలో అందరికీ ఆ పని నేర్పింది బాలవ్వ. పక్క ఊరి ముసలమ్మ. అందరూ దారం ఒక చుట్టు చుట్టి వదిలేస్తే ఆమె రెండు చుట్లు చుట్టేది. ఎందుకవ్వా అంత చాదస్తం అని ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు. "గాలికి ఊడిపోతే నీ మొగని అడుగుతరా దారమేదని?" అనేది.

ఆ పొద్దున చంద్రమ్మ వచ్చి కొంగు నడుముకు బిగిస్తూ, నా ముఖం చూడకుండా చెప్పింది. బాలవ్వ ఊర్లో రాములు అనే ఆయన కూతురు జ్వరంతో చనిపోయిందట. అంతకు ముందు ఆ పిల్లకు దిష్టి తీసింది బాలవ్వేనట. బాణామతి చేసిందని ఊరంతా గుప్పుమంది. మళ్ళీ మంత్రం పలకకుండా పళ్ళు రాలగొట్టాలని కొందరు, కిరసనాయిలు పోసి తగలబెట్టాలని కొందరు. బాలవ్వా, ఆమె కోడలు సుజాతా చీకట్లోనే ఊరు విడిచి పారిపోయారట. రాములు మనుషులను వేసుకొని వెతుకుతున్నాడట.

"ఎవరింటి తలుపు కొట్టిన్రో ఏమో చెల్లె. తీసినోళ్ళను గుడ బతకనియ్యరు" అంది చంద్రమ్మ. అప్పుడు చూసింది నా వైపు. ఒక్క క్షణం.

నేను తల ఊపాను. అప్పటికే వాళ్ళిద్దరూ మా పత్తి గదిలో ఉన్నారు.

తెల్లవారకముందే వచ్చారు. బాలవ్వ కాళ్ళకు చెప్పుల్లేవు. సుజాత చేతిలో ఫోను తప్ప ఏమీ లేదు. తలుపు తీసింది మా ఆయన నర్సింహులు. భయస్తుడు. అయినా తలుపు తీశాడు, ఏమీ అడగలేదు, ఖాళీ గోతాలు పక్కకు జరిపి చోటు చేశాడు. ఆ ఒక్క పనికి నేను ఆయనకు జన్మంతా రుణపడి ఉంటాను. పోలీసులకు చెబుదామా అన్నాను. జీపు వచ్చేలోపు ఊరే వస్తుంది అన్నాడు. సుజాత మొగుడు పుణెలో మేస్త్రీ పని. ఫోను చేస్తే, బండి మాట్లాడుకొని బయలుదేరాను, రేపు తెల్లవారేసరికి వస్తాను, అంతవరకు కాపాడండి అని ఏడ్చాడు.

అంతవరకు. అంతే మేం చేయాల్సింది. ఒక పగలు, ఒక రాత్రి.

పగలే నేను తప్పు చేశాను.

మధ్యాహ్నం సుజాతకు దగ్గు మొదలైంది. కూలీలు నీళ్ళు తాగే డ్రమ్ము ఆ గది గోడ పక్కనే ఉంటుంది. చేలోకి ఉరికినట్టే పోయి చంద్రమ్మతో అన్నాను... ఇవాళ్టికి చాలు, అందరినీ తీసుకొని ఇంటికి పొమ్మని.

అందరి చేతులూ ఆగిపోయాయి. రేపటి మొగ్గ ఇంకా ఒక్కటి కూడా తీయలేదు. చంద్రమ్మ డ్రమ్ము వైపు చూసింది. గోడ వైపు చూసింది. "సరే తీ" అంది. దారపు ఉండ కొంగులో ముడేసుకుంది. ఎవ్వరూ మాట్లాడకుండా వెళ్ళిపోయారు. వాళ్ళు అలా మాట్లాడకుండా వెళ్ళడం నేనెప్పుడూ చూడలేదు.

వాళ్ళు మలుపు తిరిగాక గానీ నాకు తట్టలేదు. మొగ్గ తీసే కాలంలో కూలీలను మధ్యాహ్నమే పంపేసే రైతు ఉంటాడా? పిచ్చి పట్టాలి... లేదా ఇంట్లో ఏదో దాచి ఉండాలి.

"ఊరంత టముకేసి చెప్పినట్టే చేస్తివి" అన్నాడు మా ఆయన. తిట్టలేదు. అంతకంటే అదే భయమేసింది.

ఇద్దరం దిగి ఒకటి రెండు సాళ్ళు తీశాం, దారం చుట్టకుండానే. తొందరలో మొగ్గలు విరిగిపోతున్నాయి. చీకటి పడింది. మిగిలిన చేనంతా అట్లాగే వదిలేసి లోపలికొచ్చాం.

దీపాలు ఆర్పేశాం. మా ఆయన కర్ర పట్టుకొని గడపలో కూర్చున్నాడు. నేను పత్తి గదిలో, గోతాల మీద, బాలవ్వ పక్కన. సుజాత గోడకు ఒరిగి కొంగు నోట్లో కుక్కుకొని ఉంది... దగ్గు బయటికి రాకుండా. మబ్బు పట్టిన రాత్రి. గాలి లేదు. కుక్కలు కూడా అరవలేదు. నాకు వచ్చిన నామాలన్నీ మనసులో తలుచుకుంటున్నాను. మధ్యలో మర్చిపోతున్నాను. మళ్ళీ మొదటి నుంచి.

బాలవ్వ చెయ్యి నా చేతిలో ఉంది. ఎముకల చెయ్యి. ఎప్పుడో కళ్ళు మూతపడ్డాయి ఆమెకు. ఊపిరి బరువుగా, నిదానంగా వస్తోంది. నిద్రే. నాకు తెలుసు, నిద్రే.

అప్పుడు వినబడింది.

టిక్.

ఎలుకేమో అనుకున్నాను.

టిక్... టిక్.

గోడ అవతల. చేలో.

టిక్... టిక్... టిక్...

సుజాత తలెత్తి నన్ను చూసింది. చీకట్లో ఆమె కళ్ళ తెల్లదనం ఒక్కటే కనబడుతోంది. తనకూ వినబడింది. కిటికీ సందులోంచి చూశాను. చేను నల్లగా ఉంది. ఒక్క దీపం లేదు. మనిషి ఎత్తు పత్తి. ఎవరూ కనబడరు. కానీ ఆ శబ్దం... ఒక మూల నుంచి ఇంకో మూలకు పాకుతోంది. సన్నటి వాన మొదలైనట్టు.

చీకట్లో మొగ్గ ఎవరు తీస్తారు? ఏది రేపు విచ్చుకుంటుందో చూసి కదా తీయాలి.

సరిగ్గా అప్పుడే... నా అరచేతిలో ఏదో కదిలింది.

బాలవ్వ బొటనవేలు.

ఆమె నిద్రలో ఉంది. ఊపిరి మారలేదు. కానీ వేలు... వంగుతోంది. తిరుగుతోంది. ఆగుతోంది. మళ్ళీ వంగుతోంది. బయట టిక్ అన్నప్పుడల్లా నా అరచేతిలో ఆమె గోరు దిగుతోంది. టిక్... గోరు. టిక్... గోరు.

దాచడమెందుకు... ఆ క్షణంలో నాక్కూడా ఊరి మాటే మనసులోకి వచ్చింది. నిజమేనేమో. ఈమె చేస్తుందేమో. ఆ పిల్లను కూడా...

నా చెయ్యి లాగేసుకోబోయాను. వేళ్ళు సడలించాను కూడా.

లాగలేదు. ఎందుకు లాగలేదో చెప్పలేను. నాలో అంత ధైర్యం లేదు. ఎవరో నా చేతి మీద చెయ్యి వేసి అదిమినట్టు ఉండిపోయాను. ఆ స్వామి దయ అంటాను నేను.

దూరంగా మోటారు సైకిళ్ళ చప్పుడు. వెలుగులు గోడ మీద పడి జారిపోయాయి. ఇంటి ముందుకొచ్చి ఆగాయి.

బాలవ్వ చేతిని సుజాత చేతిలో పెట్టి బయటికి వచ్చాను. ముగ్గురో నలుగురో ఉన్నారు. ముందు రాములు. దూరపు చుట్టరికం మాకు. తాగి ఉంటాడనుకున్నాను. తాగలేదు. నిద్రలేని ముఖం. మా ఆయన లేచి నిలబడ్డాడు, కర్ర వెనక్కు పెట్టుకొని.

"వదినె, మాపు మొగ్గ తీయకుంట మందిని ఎందుకు పంపిచ్చినవ్?" అన్నాడు రాములు.

అప్పటికి బండ్లన్నీ ఆపేశారు. ఆ నిశ్శబ్దంలో...

టిక్... టిక్... టిక్...

రాములు మెడ తిప్పాడు. ఆయన కూడా పత్తి చేసినవాడే. ఆ చప్పుడు ఏమిటో మా దిక్కు ఎవరికీ చెప్పనక్కర్లేదు.

"చేన్ల ఎవరున్నరు?"

"మొగ్గలు తీస్తున్రు" అన్నాను. అబద్ధం ఆడలేదు. చెవికి వినబడిందే చెప్పాను.

"దీపం లేకుంట?"

రాములు ఫోను లైటు చేలోకి కొట్టాడు. ముందు వరస ఆకులు పచ్చగా మెరిశాయి. వెనక అంతా నలుపు. చప్పుడు ఆగిపోయింది... ఒక్కసారిగా. చేనంతా ఊపిరి బిగపట్టినట్టు. ఎవరూ తల ఎత్తలేదు. ఒక్క కొమ్మ కదల్లేదు. లైటు ఆర్పాడు.

టిక్.

వెనక ఉన్నవాడు రాములు భుజం పట్టుకొని, "అన్నా, పోదాం పా" అన్నాడు. రాములు కదల్లేదు. చీకట్లోకి చూస్తూ చాలా మెల్లగా, మాకు కాదు, ఆ చేనుకు చెబుతున్నట్టు అన్నాడు.

"జెరం వచ్చిన్నాడు దవాఖానకు పోదమన్నది నా పెండ్లాం. నేనే రేపు పోదమన్న."

ఆ మాట ఎవరూ ఆయనను అడగలేదు. మా ఆయన చేతిలో కర్ర కింద పడింది. రాములు ముఖం రెండు చేతులతో తుడుచుకున్నాడు. బండెక్కాడు. వెళ్ళిపోయారు.

లోపలికి వెళ్ళి మళ్ళీ బాలవ్వ చెయ్యి పట్టుకున్నాను. వేలు ఇంకా కదులుతూనే ఉంది. నేను వదల్లేదు. ఎప్పుడు ఆగిందో తెలియదు. సన్నగా తుంపర పడి చప్పుడు దానిలో కలిసిపోయింది. తెల్లవారుజామున బండి వచ్చింది. ఇద్దరినీ వెనక కూర్చోబెట్టి గోతాలు కప్పాం. బాలవ్వ కొడుకు నా కాళ్ళ మీద పడబోతే లేపాను. మాట్లాడుకోవడానికి సమయం లేదు.

వెలుతురు వచ్చాక చేలోకి వెళ్ళాను.

ప్రతి మొగ్గ తీసి ఉంది. సాళ్ళ నిండా ఒలిచిన రేకలు తడిసి నేలకంటుకొని ఉన్నాయి. అడుగుల గుర్తులున్నాయేమో అని వెతికాను. తుంపరకు అంతా ఒకేలా అయిపోయింది. ఒక మొక్క కొమ్మ వంచి చూశాను... ఎర్ర దారం రెండు చుట్లు. పక్క మొక్క. రెండు చుట్లు. ఆ చివర. రెండు చుట్లు. ఈ చివర నుంచి ఆ చివర దాకా, ఒక్క చుట్టు చుట్టినది నాకు కనబడలేదు.

కాసేపటికి కూలీలు వచ్చారు. నిన్న వదిలేసిపోయిన చేను అది. ఎవరు తీశారని ఎవరో ఒకరు అడగాలి కదా? ఒక్కరూ అడగలేదు. వాళ్ళ గోళ్ళ వైపు చూశాను. ఆకుపచ్చగా కమిలి ఉన్నాయి. కానీ ఆ కాలంలో ఎప్పుడైనా అట్లాగే ఉంటాయి. ఏం తెలుస్తుంది? చంద్రమ్మ ఆవులిస్తూ, "మగ పూలు ఏరుకరా పో చెల్లె, పొద్దెక్కుతున్నది" అంది. అంతే.

వాళ్ళే అయితే దండం పెట్టాలని ఉంది. కానీ అడిగితే బాలవ్వకు సాయం చేసింది వీళ్ళని నేనే బయటపెట్టినట్టవుతుంది. వాళ్ళు కాకపోతే... నేను విన్నది ఊర్లో చెబితే, చూశారా, బాణామతి నిజమే అంటారు. ఎట్లా చూసినా నోరు తెరవలేను. మా ఆయన ముందు ఆ మాట ఎత్తితే లేచి బయటికి పోతాడు. అందుకే పేర్లు మార్చి ఇక్కడ రాసుకుంటున్నాను. నేను ఎవరికి కృతజ్ఞత చెప్పాలో నాకు ఇప్పటికీ తెలియదు. రోజూ చేను వైపు తిరిగి ఒకసారి చేతులు జోడిస్తాను. ఎవరికి చెందాలో వాళ్ళకు చెందుతుందని.

తర్వాత ఒకసారి బాలవ్వ ఫోను చేసింది. ఏ ఊరో రాయను. కొడుకు దగ్గర బాగానే ఉందట. ఉండబట్టలేక అడిగాను, అవ్వా, ఆ రాత్రి నిద్రలో నీ వేలు కదిలింది, నీకేమైనా తెలుసా అని. నవ్వింది.

"పుట్టినకాంచి గదే పని బిడ్డ. సచ్చినంక గుడ నా ఏలు మొగ్గలే తీస్తదేమో."

ఫోను పెట్టేసిందేమో అనుకున్నాను. అప్పుడు అంది.

"చెయ్యి ఇడుస్తవనుకున్న. ఒకపారి వదులైంది నీ చెయ్యి. నాకు తెల్సు. ఇడువలే నువ్వు."

అంటే... ఆమె మేలుకునే ఉందా? నిద్రలోనే తెలిసిందా? అడిగే ధైర్యం నాకు లేకపోయింది. ఇప్పటికీ లేదు.

ఆమె మళ్ళీ తన ఊరికి రాలేదు. వస్తుందన్న ఆశ కూడా ఇప్పుడు లేదు. ఇది చదివిన మీరు మీ ఇంట్లో దీపం పెట్టేటప్పుడు ఒక్కసారి బాలవ్వను తలుచుకోండి. అది ఆమె అసలు పేరు కాదు. అయినా ఫర్వాలేదు... మీరు ఎవరిని తలుస్తున్నారో ఆ స్వామికి తెలుసు.