అక్క ఫోటోలో నేను

అక్క పోయాక దినాలకు పెట్టడానికి పనికొచ్చే ఫోటో ఒక్కటే దొరికింది. ఇబ్రహీంపట్నం చెరువు నిండి మత్తడి మీంచి నీళ్లు దుంకిన ఏడాది మేమిద్దరం చూడ్డానికి పోతే, అక్క కూతురు ఫోన్‌లో తీసింది. వెనక తెల్లటి నీళ్లు. అక్క నవ్వుతోంది. పక్కన నేను, ఆమె భుజం మీద చెయ్యి వేసి.

దండ వేసే ఫోటోలో బతికున్నవాళ్లు ఉంటే వాళ్లకు కీడంటారు మా దగ్గర. అందుకని అక్క కూతురూ నేనూ బస్ డిపో పక్కనున్న ఫోటో స్టూడియోకి వెళ్లాం.

"చిన్నమ్మను తీసెయ్," అంది అక్క కూతురు, కంప్యూటర్ ముందున్న పిల్లతో.

"కట్ చేస్తే అమ్మ భుజం గూడ పోతది అక్కా. బ్లర్ కొడత. ఈమె నీళ్లల్ల కలిసిపోతది."

"నన్ను ముంచుతవన్నట్టు," అన్నాను.

"ముంచుత గని తడువవు అవ్వా."

పిల్ల మౌస్ కదిపింది. ముందు నా చీర అంచు కరిగింది, తర్వాత చెంప, ముక్కు. నేను నీటి తుంపరలా తెల్లబడుతున్నాను. ఒకప్పుడు బస్సుల బోర్డులన్నీ నాకు ఇలాగే కనిపించేవి. మనవలు పుట్టాక అక్షరాలు నేర్చుకుంటే అవి ఒక్కొక్కటే తేటపడ్డాయి. ఇప్పుడు అంతా వెనక్కి నడుస్తోంది. భయం వేయలేదు. చెరువుగట్టు గాలికి కునుకు పడుతున్నట్టే ఉంది.

మసక మణికట్టు దాకా వచ్చింది.

"ఆపు బిడ్డా. వేళ్లుండనియ్," అన్నాను.

"వద్దు చిన్నమ్మా. అవి గూడ నీవే గదా," అంది అక్క కూతురు.

"నావే. మీ అమ్మను ఒక్కదాన్నే గోడకు ఎక్కిస్తవా?"

"అమ్మ పాయె. ఇగ నువ్వొక్కదానివే ఉన్నవ్. నీకేమన్న అయితే నేనెవరి దగ్గరికి పోవాలె?"

అప్పటిదాకా అదంతా చాదస్తం అనుకున్నాను. అక్క కూతురు కళ్లు చూశాక స్టూడియో పిల్ల వైపు తిరిగాను.

"తుడువు," అన్నాను.

పిల్ల నా వేళ్ల మీదికి అక్క చీర రంగు లాగి, మెల్లగా మసక చేసింది. నా చెయ్యి ఉన్న జాగా ఖాళీ అయింది. నొక్కుకుపోయిన చీర ముడత మాత్రం భుజం మీద అలాగే ఉంది.

"అవ్వా, గా ముడత సాపు చెయ్యాల్నా?" అని అడిగింది స్టూడియో పిల్ల.

అక్క కూతురు తెరకు దగ్గరగా వంగి చాలాసేపు చూసింది.

"అది అమ్మ చీరనే," అంది. "ఉండనియ్."