అప్పకు ఎక్కించిన క్యాసెట్

మా వైపు అక్కను అప్ప అంటాం. మా అప్ప నాకంటే ఆరేళ్లు పెద్దది. ఎస్.కోట దగ్గర మా ఊళ్లో ముప్పై ఏళ్లు మిషను కుట్టింది. కళ్లకు నీటికాసులని, అదే గ్లకోమా అని డాక్టర్లు చెప్పేసరికే ఒక కన్ను పూర్తిగా పోయింది. రెండో కంటికి వెలుతురుకీ చీకటికీ తేడా తెలుస్తుంది, అంతే. కొడుకు, కోడలు బాగానే చూసుకుంటారు. కానీ చేతులు ఖాళీగా పెట్టుకుని కూర్చోవడం అప్పకు చేతకాదు. నేను అరకు లోయలో ఒక ఆరోగ్య కేంద్రంలో స్టాఫ్ నర్సుని. రెండు వారాలకోసారి కొండ దిగి వెళ్లి చూసి వస్తుంటాను.

కాలక్షేపానికి పాటలు వింటుందని కిందటేడు ఒక ఫోన్ కొని పట్టికెళ్లాను. నెల తిరక్కుండానే అది బీరువాలోకి పోయింది. పాట పెట్టబోయి ఎవరెవరికో ఫోన్లు కలుపుతోందట. అడిగితే విసుక్కుంది.

“నాకది ఒద్దే. అద్దంలాగ నున్నగుంటది. ఏలెక్కడ ఎట్టాలో తెల్దు. టేపురికార్డరైతే మీటలుంటాయి, తడుముకుంటే తెలుస్తాది.”

అటక మీది పాత టేపురికార్డరు కోడలు దించింది. బెల్టు మార్పిస్తే తిరిగింది. మీట ఏదో, ఏది నొక్కితే వెనక్కి పోతుందో అప్ప ఒక్క పూటలో నేర్చుకుంది. ఇక కావలసింది క్యాసెట్. సినిమా పాటలు ఆమెకు అక్కర్లేదు, అవి రేడియోలో రోజంతా వస్తాయి. మా చిన్నప్పుడు బస్టాండు బడ్డీల్లో అమ్మిన ప్రైవేటు క్యాసెట్ల పాటలు కావాలంది.

అవి సినిమావీ కావు, భక్తివీ కావు. గిటారు, డ్రమ్ములు పెట్టి ఊరూపేరూ తెలియని వాళ్లు పాడినవి. వాటిని పాప్ పాటలు అనేవాళ్లం, ఆ మాటకు అర్థం మాకెవరికీ తెలియదు. ఒక పాటలో అబ్బాయి అద్దె సైకిలు మీద పిల్ల వెంట పడి, గంట అయిపోయిందని మధ్యలో వెనక్కి తిరుగుతాడు. ఇంకోదాంట్లో ఉత్తరం పక్కింటికి పోతుంది. అప్పకు వాటన్నిటికంటే ఇష్టమైనది సొరంగాల పాట. రైల్లో కొండెక్కుతున్న ఒక పిల్ల పక్కన కూర్చున్నవాడితో అనేది: “చీకటొస్తే చెయ్యి పట్టు, వెలుగొస్తే వదిలిపెట్టు.” నా జడ వేసేటప్పుడల్లా అప్ప ఆ ముక్కే పాడేది. నిజానికి పల్లవి తప్ప మా ఇద్దరికీ ఏమీ గుర్తులేదు.

ఇంటర్నెట్‌లో వెతికాను. సైకిలు పాట దొరికింది, మరో నాలుగు దొరికాయి. సొరంగాల పాట లేదు. తెలిసినవాళ్లను అడిగితే, ఈ కాలంలో క్యాసెట్లేమిటని నవ్వారు.

ఒక రోజు పిల్లల టీకాల కోసం కొండ మీది పల్లెకు నడిచి వెళ్తున్నాను. సామ చేను మీద చిలకలు వాలకుండా చేనుకు అడ్డంగా ఏదో రిబ్బను కట్టారు. గాలికి అది గుయ్యిమంటూ ఎండలో మెరుస్తోంది. దగ్గరికెళ్లి చూస్తే క్యాసెట్ టేపు. ఆ చేను గలాయన ఇల్లు పక్కనే. కాఫీ తోట కూడా ఉంది ఆయనకు. పాత క్యాసెట్లు ఇంకా ఉన్నాయా అని అడిగాను. ఆయన నన్ను వింతగా చూసి, అటక మీంచి ఒక గోనెసంచి దించాడు. వాళ్ల తమ్ముడు ఎప్పుడో జీపు నడిపేటప్పటివట. పద్నాలుగు మిగిలాయి. నాకిచ్చేస్తే చేనుకెలా అని ఒక్క నిమిషం ఆలోచించి, నాలుగు ఉంచుకుని పది ఇచ్చాడు.

అరకు చెమ్మకు టేపుల మీద తెల్లటి బూజు పట్టింది. మా దగ్గర స్పిరిటుకీ దూదికీ కొదవలేదు. ఆదివారాలు క్వార్టర్లో కూర్చుని ఒక్కొక్కటీ విప్పి తుడిచాను. క్యాసెట్ పాటను కంప్యూటర్లోకి పట్టి, తిరిగి క్యాసెట్‌కు ఎక్కించే చిన్న పెట్టె ఒకటి తెప్పించుకున్నాను. పాటలు ఎక్కించడానికి కొత్త క్యాసెట్ దొరకలేదు. ఇంట్లో పడున్న ఇంగ్లీషు పాఠాల క్యాసెట్ తీసి, పైన బెజ్జాలకు మందుపట్టీ అంటించాను. అలా మూస్తే దాని మీద మళ్లీ రికార్డు చేయవచ్చు. ఒక్కో వైపు ముప్పై నిమిషాలు. చివరి పాట మధ్యలో తెగకూడదని కాగితం మీద నిమిషాలు కూడుకుంటూ, పాటల వరస నాలుగుసార్లు మార్చాను.

సంచిలోని ఎనిమిదో క్యాసెట్‌లో సొరంగాల పాట ఉంది. గిటారు మొదలవగానే గుర్తుపట్టాను. సన్నటి గొంతు, పదేళ్ల పిల్ల గొంతులా. లేబులు మీద ‘బేబీ’ అని మొదలయ్యే పేరేదో ఉంది. ఒక చరణం, మళ్లీ పల్లవి, అంతే. మూడు నిమిషాలు కూడా లేదు. అప్పకు ఫోన్ చేసి చెప్దామనుకున్నాను గానీ, క్యాసెట్ చేతికిచ్చి వినిపిద్దామని ఆగాను.

ఆ వారమే మా కేంద్రంలో బీపీ, షుగర్ రోగులకు నెల మాత్రలిచ్చే రోజు వచ్చింది. జనం ఇంకా పలచగానే ఉన్నారు. మాత్రలు సర్దుకుంటూ ఆ పాట ఫోన్లో చిన్నగా పెట్టుకున్నాను. పాట ఆగిపోయింది. కానీ బెంచీ మీద ఎవరో దాన్ని ఇంకా పాడుతున్నారు. నేనెప్పుడూ వినని చరణం. తల ఎత్తి చూశాను. ఆశ్రమ పాఠశాలలో వంట చేసి, మోకాళ్లు పట్టేశాయని మానేసిన ఆవిడ. నెలనెలా వస్తుంది, ఎక్కువ మాట్లాడదు.

“ఇంకా ఉంది కదా సిస్టరమ్మా. సగమే ఎట్టినావేటి?” అంది.

ఇందులో ఇంతే ఉందని చెప్పి, ఈ పాట నీకెలా తెలుసని అడిగాను.

“నానే పాడినాను. పాట నాదే. ఆ గొంతే నాది కాదు. ఈ గుంట ఎవులో నాకు తెల్దు.”

గుంట అంటే మా వైపు పిల్ల. నేను నమ్మలేదని ఒప్పుకోవాలి. ఎక్కడో విని ఉంటుంది, పెద్దతనంలో అది తన పాటే అనిపిస్తోందేమో అనుకున్నాను. పాతికేళ్ల నర్సు ఉద్యోగంలో రోగి చెప్పేదానికి తల ఊపుతూనే లోపల వేరే లెక్క వేసుకోవడం అలవాటైపోయింది. నా మొహంలో అది ఆవిడకు కనిపించినట్టుంది. కోపం తెచ్చుకోలేదు.

“రెండోతూరి పల్లవి కాడ గాజులు మోగుతాయి, ఇను. తీసీమన్నారు. సేతికి బిగుసుకుపోయి రాలేదు” అంది.

మళ్లీ పెట్టాను. రెండోసారి పల్లవి దగ్గర సన్నగా గలగల. అన్నిసార్లు విన్నా, అదేదో వాయిద్యం అనుకున్నాను.

మాత్రల పని అయ్యాక ఆవిడను లోపల కూర్చోబెట్టుకుని అడిగాను. అప్పుడావిడ తొమ్మిదో తరగతి. వాళ్ల ఊరు టైడా స్టేషను కింద. బడిలో ఏదో కార్యక్రమానికి విశాఖ నుంచి ఆర్కెస్ట్రా వచ్చింది. ప్రార్థన పాడిన పిల్లను హార్మోనియం మాస్టారు విన్నాడు. వాళ్ల మావను అడిగి, ఇద్దరినీ పాసింజరు రైల్లో విశాఖ తీసుకెళ్లాడు. గోడలకు బొంతలు వేలాడదీసిన గదిలో నిలబెట్టి రెండు పాటలు పాడించారు. సాయంత్రానికి మళ్లీ బండెక్కించారు. సముద్రం చూడాలని ఉండేదట, టైము లేదన్నారు. క్యాసెట్ పోస్టులో పంపుతామన్నారు. అది రాలేదు. ఆ తర్వాత చాలా ఏళ్లు సంతకెళ్లినప్పుడల్లా క్యాసెట్ల బడ్డీ దగ్గర ఆగి అడిగేది. తన పేరు చెప్పి అడిగేది. ఆ పేరుతో ఏదీ లేదనేవాళ్లు. పెళ్లయ్యాక భర్తకు చెబితే కోతలు కోస్తున్నావన్నాడు. బడి వంటింట్లో ఒకసారి చెబితే తోటి వంటవాళ్లు నెలరోజులు ‘రేడియో’ అని పిలిచారు. ఇక ఎవరికీ చెప్పలేదు.

గొంతెందుకు మారిందో ఆ ఆదివారం నాకు అర్థమైంది. చిన్నపిల్ల పాడినట్టు ఉండాలని టేపును వేగంగా తిప్పి ఎక్కించి ఉంటారు. గిటారు కూడా అందుకే అంత కీచుగా ఉంది. లేబులు మీద ఆ ‘బేబీ’ పేరూ అందుకే. కంప్యూటర్లో వేగం కొంచెం కొంచెం తగ్గిస్తూ పోయాను. ఒకచోట గిటారు గిటారులా మోగింది. సన్నటి పిల్ల పోయి, పదిహేనేళ్ల అమ్మాయి వచ్చింది. నిండు గొంతు, మాట చివర్లో కాస్త కొండ యాస.

కబురు పెడితే ఆవిడ మా క్వార్టరుకు వచ్చింది. వినిపించాను. నోటికి చెంగు అడ్డం పెట్టుకుని, నేల చూస్తూ విన్నది.

“ఇది నానే” అంది పాట అయిపోయాక. “మా ఆయనుంటే ఇనిపించేదాన్ని.”

ఆయన పోయి ఎనిమిదేళ్లట. లేచి టీ పెట్టాను.

వదిలేసిన రెండో చరణం పాడతావా, మా అప్పకు పంపుతాను అని అడిగాను. అప్పటికే జల్లు మొదలై పైన రేకుల మీద మోత. అది తగ్గేదాకా ఇద్దరం కూర్చున్నాం. మా అప్ప కళ్ల సంగతి ఆవిడ అడిగి తెలుసుకుంది. వాన ఆగాక లేచి నిలబడింది. మోకాళ్లు నొప్పి కదా, కూర్చుని పాడమన్నాను. ‘అప్పుడు నిలబడే పాడినాను’ అంది, నా మాట వినలేదు. వాయిద్యాలు లేవు. గొంతు ఇప్పుడు బరువెక్కింది, రెండు చోట్ల ఊపిరి అందలేదు. ఆ చరణంలో రైలు పిల్ల తన స్టేషన్లో దిగిపోతుంది. దిగేది నేనొక్కదాన్నే, దారి నాకు తెలుసు, నువ్వు కిటికీలోంచి చూడకు అంటుంది. సరదా పాటకు అది ఎందుకని కంపెనీవాళ్లు తీసేసి ఉంటారు. నాకు మాత్రం ఆ పాట మొత్తం అందులోనే ఉందనిపించింది.

క్యాసెట్ రెండో వైపు చివర నెమ్మది చేసిన పాట, దాని వెనుక ఆవిడ ఇప్పుడు పాడిన చరణం ఎక్కించాను. కిరండూల్ పాసింజరులో ఎస్.కోటలో దిగి, ఆటోలో ఊరికి వెళ్లాను. అప్ప అరుగు మీద కూర్చుని క్యాసెట్‌ను చేత్తో తడిమి, తనే పెట్టుకుంది. సైకిలు పాటకు నవ్వింది. ఉత్తరం పాటలో నాకు గుర్తులేని మాటలు అందించింది. రెండో వైపు తిప్పి, సొరంగాల పాట వచ్చేసరికి మొహం మారిపోయింది. సంతోషిస్తుందనుకున్నాను.

“ఇది కాదే. ఇదెవులో పెద్దమనిషి. మన పాట చిన్నగుంట పాడింది” అంది.

చెప్పాల్సి వచ్చింది. టేపు సంగతి, బొంతలు కట్టిన గది, పేరు చెప్పుకుని సంతల్లో అడగడం, అన్నీ. అప్ప అంతా విని, మీట నొక్కి వెనక్కి తిప్పి మళ్లీ పెట్టింది. ఈసారి పాటతో పాటు చరణం కూడా విన్నది. అది పూర్తయి ఉత్త టేపు తిరుగుతున్నా ఆపలేదు. తర్వాత, ఆమెకు ఫోన్ కలుపు అంది.

వంటావిడకు ఫోన్ లేదు. పక్కింటివాళ్ల నంబరు ఇచ్చింది. అవతల ఆవిడను పిలిచేదాకా అప్ప ఫోన్ చెవికి ఆనించుకునే ఉంది. అప్పే మొదలుపెట్టింది. నలభై ఏళ్లుగా నీ పాట పాడుకుంటున్నాను, పేరు తెలియలేదు, ఏమనుకోకు అంది. అవతల ఏమన్నదో నాకు వినపడలేదు. తర్వాత మాటలు కళ్ల మీదకీ మోకాళ్ల మీదకీ పోయాయి. చుక్కల మందు వేసుకుంటే మంట పుడుతుందని అప్ప, కొండ దిగేటప్పుడు కీళ్లు ఎలా పట్టేస్తాయో ఆవిడ. పావుగంట గడిచాక పాట ఊసే లేదు.

ఫోన్ ఇచ్చేస్తూ అప్ప నాతో ఒక మాట అంది. వేగంగా తిప్పిన పాటను కూడా క్యాసెట్‌లో ఎక్కించమంది.

“అది దొంగ గొంతు కదా అప్పా” అన్నాను.

“అవున్లే. అయినా నాతో పెరిగింది ఆ గుంటే కదా. దాన్నీ ఉండనీ.”

క్యాసెట్ వెంట తెచ్చుకుని, మొదటి వైపు చివర ఉత్తరం పాట తర్వాత మిగిలిన జాగాలో దాన్నీ పట్టించాను.

తర్వాతి నెల మాత్రల రోజున వంటావిడ అందరికంటే ముందే వచ్చింది. కొంగులోంచి చిన్న స్పీకరు ఒకటి తీసింది. మెమరీ కార్డు పెడితే పాడేది, సంతలో దొరుకుతుంది. మీ అప్పకిచ్చిన పాటలు ఇందులో ఎక్కిస్తావా అని అడిగింది. తప్పకుండా, నీ పాట మొదట పెడతాను అన్నాను.

“నాది ఒద్దమ్మా. అది నాకొచ్చు. కడమ పాటలు ఎట్టు” అంది. ఆ రోజుల్లో ఇంకా ఎవరెవరు ఏం పాడారో తనెప్పుడూ వినలేదట. క్యాసెట్ల బడ్డీకి వెళ్లినా తన పేరే అడిగేది గానీ, వేరే ఏదీ పెట్టమని అడగలేదట.

సైకిలు పాటతో మొదలుపెట్టి అన్నీ ఎక్కించాను. బీపీ చూసేటప్పుడు పాట ఆపమంటే సౌండు తగ్గించింది గానీ ఆపలేదు. గంట అయిపోయి అబ్బాయి వెనక్కి తిరిగే చోట నవ్వేసింది, నేను చేతి పట్టీ విప్పి బీపీ మళ్లీ మొదటినుంచి చూడాల్సి వచ్చింది.